ఇన్‌స్టాల్: గద్దె నెక్కించే మాట

ఆఫీసు కంప్యూటర్‌లో ఒక తెలుగు కీబోర్డు వేసుకుందామనుకుంటే తెర మసకబారి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇమ్మంటుంది. అది మన దగ్గర ఉండదు. పని అక్కడే ఆగిపోతుంది.

ఇన్‌స్టాల్ అన్న మాట పుట్టుకలోనే ఈ అనుమతి గొడవ ఉంది. మధ్యయుగపు లాటిన్‌లో ‘ఇన్‌స్టల్లారే’ అంటే స్టాల్‌లో కూర్చోబెట్టడం. స్టాల్ అంటే చర్చిలో మతాధికారికి కేటాయించిన ఆసనం. ఎవరికి వారు వెళ్లి కూర్చునేది కాదు, అధికారమున్నవారు కూర్చోబెట్టాలి. యంత్రాలకూ సాఫ్ట్‌వేర్‌కూ ఆ మాట చాలా తర్వాత వచ్చింది.

తెలుగు అనువాదాల్లో ‘స్థాపించు’ కనిపిస్తుంది. సరైన మాటే, ‘స్థా’ ధాతువుకు నిలవడమనే అర్థం. కానీ రిపేరు షాపులో వినిపించేది ‘ఎక్కించడం’: విండోస్ ఎక్కించారా, ఫాంట్లు ఎక్కించారా? నాకు ఇదే ఇష్టం. రాజును గద్దె నెక్కించినట్టే కదా!

ఎక్కించే అధికారం అడ్మిన్‌దే అయినా, ఆ మాటకు మూలమైన లాటిన్ ‘మినిస్టర్’కు అర్థం సేవకుడు. విండోస్ విస్టా 2007లో తెరను మసకబార్చే ఈ అనుమతి పెట్టెను ఇళ్లలోకీ తెచ్చింది. దాని అవసరం నిజమే: అడ్మిన్ హక్కుతో ఎక్కిన ప్రోగ్రామ్ మొత్తం వ్యవస్థనే మార్చగలదు, వైరస్ అయినా సరే. అందుకే దొడ్డిదారులు వెతకను. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ పనికో రాసి ఐటీ వాళ్లకు టికెట్ పెడతాను. అయితే తెలుగులో రాసుకోవడానికి అడిగిన కీబోర్డు వారాల తరబడి వరుసలో ఉండకూడదు.