తప్పులు వెదకెడి విద్య

విశాఖపట్టణమున కంచరపాలెము మీదుగా పోవువారు అచ్చటి ప్రభుత్వ ఐ.టి.ఐ.ని చూచియుందురు. చేతిపనులు నేర్పు ఇట్టి శాలలలో ఒక పాత బోధనపద్ధతి కలదు. బాగుగ నడచు యంత్రమున గురువు తానే ఒక లోపము కల్పించి శిష్యునికిచ్చును. తీగ యెచ్చట వదలినదో కనుగొనవలసినవాడు శిష్యుడు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చువారికిని నేడు ఈ పద్ధతియే ఉపకరించుచున్నది. దాని చరిత్రమును కొంత మనవి చేసెదను.

యంత్రములోని లోపమును ఇంగ్లీషువారు ‘బగ్’, అనగా పురుగు, అందురు. ఎడిసన్ 1878 నాటి లేఖలోనే ఈ మాట వాడెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు మార్కు-2 యంత్రమున నిజముగనే ఒక రెక్కలపురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకమున అంటించిరి.

1949లో కేంబ్రిడ్జియందు ఎడ్సాక్ అను యంత్రము పనిచేయ నారంభించెను. దానిని నిర్మించిన మారిస్ విల్క్సు తానే ఒక ప్రోగ్రాము వ్రాసెను. అందున్నవి 126 పంక్తులు. తప్పులు ఇంచుమించు ఇరువది! తన శేషజీవితమున పెద్దభాగము తన తప్పులు వెదకుటకే చెల్లునని నాడు తనకు తోచినట్లు ఆయన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

నిర్మాతకే ఇట్లైన, బాలుని మాట యేమి? పాఠ్యపుస్తకములందు తప్పులేని ప్రోగ్రాములే కనబడును. బాలుడు వానిని చూచి వ్రాయును. తాను స్వయముగ వ్రాసినది నడవనపుడు, ఈ విద్య తనకు అబ్బదని చాలించుకొనును. అసలు నష్టమిదియే.

2011లో వాషింగ్టను విశ్వవిద్యాలయమువారు ‘గిడ్జెట్’ అను ఆటను వెలువరించిరి. అందు దెబ్బతిన్న యొక మరమనిషి తప్పుడు ఆజ్ఞలు వ్రాయును. ఆటగాడు వానిని దిద్దవలెను. ఆ మరమనిషి ముఖము చూపుచు, తప్పును తనదిగా చెప్పుకొన్నపుడు, నేర్చువారు ఎక్కువ అంకములు పూర్తిచేసిరని పరీక్షలో తేలినది.

ఒక చిన్న పొడుపు వినుడు. 1 మొదలు 10 వరకు గల సంఖ్యలను కూడుమని ఒకడు పైథాను భాషలో వ్రాసెను. రావలసినది 55, వచ్చినది 45. తప్పెక్కడ? తక్కువైనది సరిగా పది. అనగా చివరి సంఖ్య చేరనేలేదు. ఆ భాషలో రేంజి అను ఆజ్ఞకు 1, 10 అని ఇచ్చినచో 9తోనే ఆగును. 11 అని ఇయ్యవలెను. ఈ నియమమును పదిమార్లు చదివి మఱచువాడును, తప్పిపోయిన పదిని తానై పట్టుకొన్నచో మఱువడు. యంత్రము మన మనసులోనిది చేయదు, మనము చెప్పినదే చేయునని అప్పుడు వానికి తెలియును.

అయితే తోచినట్లెల్ల మార్చి చూచుట విద్య కాదు. కారణమును ముందు ఊహించి, పిదప పరీక్షింపవలెను. ఇతరుల తప్పులు దిద్దుటతోనే ఆగక, స్వయముగ వ్రాయుటయు అలవరచుకొనవలెను.

ఉపాధ్యాయులకు నా విన్నపము ఒక్కటే. తప్పు దొరకిన బాలుని, “ఎందుకు చేసితివి?” అని మందలింపకుడు. “ఎట్లు పట్టితివి?” అని అడుగుడు. వాడు చెప్పు సమాధానములోనే వాడు నేర్చినదంతయు ఉండును.