ప్రకటనలో గీజరు.. గదిలో చన్నీళ్లు!
విడిదిలో చెప్పిన సౌకర్యాలు లేకుంటే ఏం చేయాలి?

అరకులోయ: కార్తీకమాసం మొదలుకొని సంక్రాంతి సెలవులు ముగిసేవరకు అరకులోయ, అనంతగిరి, లంబసింగి ప్రాంతాలకు పర్యాటకుల తాకిడి అధికం. బొర్రా గుహలు, కాఫీ తోటలు, వంజంగి కొండపై మేఘాలు చూసేందుకు పిల్లాపాపలతో తరలివచ్చేవారు ఎందరో. కుటుంబసమేతంగా వచ్చేవారు హోటల్ గదులకన్నా వంటగది ఉన్న కాటేజీలు, హోమ్‌స్టేలకు మొగ్గు చూపుతుంటారు. సెల్‌ఫోన్‌లో ఫొటోలు చూసి, సొమ్ము ముందుగానే చెల్లించి బయల్దేరుతారు.

తీరా తలుపు తీశాక కొందరికి చేదు అనుభవం ఎదురవుతోంది. ప్రకటనలో ఉన్న గీజరు గదిలో ఉండదు. జనరేటరు పేరుకే ఉంటుంది. వంటగదికి తాళం వేసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దల కోసం కింది గది అడిగితే పై అంతస్తు చూపిస్తారు. పట్టణంలోనైతే ఇవి చిన్న అసౌకర్యాలే కావచ్చు. ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు పడిపోయే మన్యం రాత్రుల్లో వృద్ధులకు, పసిపిల్లలకు ఇది ఆరోగ్య సమస్యే.

ఇలాంటి సందర్భాల్లో 'వచ్చాం కదా, రెండు రోజులే కదా' అని సర్దుకుపోయేవారే ఎక్కువ. ఇంటికి చేరాక కోపం వచ్చి ఫిర్యాదు చేయబోతే చేతిలో ఆధారం ఉండదు. చట్టం వినియోగదారుడికి అండగానే ఉంది. అయితే ఆ అండ అక్కరకు రావాలంటే విడిదిలో అడుగుపెట్టిన తొలి గంటల్లోనే కొన్ని పనులు చేయవలసి ఉంటుంది.

ఇచ్చిన మాట నిలుపుకోవాల్సిందే

వినియోగదారుల రక్షణ చట్టం-2019 అమల్లోకి వచ్చింది 2020 జులై 20న. అంతకుముందున్న 1986 నాటి చట్టం స్థానంలో దీనిని తెచ్చారు. సొమ్ము తీసుకుని అందించే సేవలో నాణ్యత తగ్గినా, చేస్తామని ఒప్పుకున్నది చేయకపోయినా దానిని ఈ చట్టం సేవాలోపంగా పరిగణిస్తుంది. లేని సౌకర్యాన్ని ఉన్నట్లు వర్ణించడం, ముఖ్య సమాచారాన్ని కావాలని దాచడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందకు వస్తాయి. అద్దెకిచ్చేది పెద్ద రిసార్టు కావాలన్న నియమం లేదు. సొంత ఇంటిలో రెండు గదులు పర్యాటకులకు అద్దెకిచ్చే యజమానికీ ఇదే వర్తిస్తుంది.

యాప్‌లు, వెబ్‌సైట్ల ద్వారా జరిగే బుకింగ్‌లకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలూ ఉన్నాయి. ప్రకటించిన లక్షణాలు, సదుపాయాలు సేవలో లేనప్పుడు సొమ్ము వాపసు ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదని అవి చెబుతున్నాయి. ప్రతి సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి. నెలరోజుల్లో పరిష్కరించాలి. 'మేము మధ్యవర్తులం మాత్రమే' అని చెప్పి ఫిర్యాదు స్వీకరించకుండా తప్పించుకోవడానికి వీల్లేదు.

మాటల్లో మెలిక

అన్ని తగాదాలూ ఒక్క తీరువి కావు. ప్రకటనలోని పదాన్ని బట్టి హక్కు మారుతుంది. 'వేడినీటి సదుపాయం కలదు' అని రాసినచోట ఉదయం కట్టెల పొయ్యిపై కాచిన బకెట్ నీళ్లు తెచ్చి ఇస్తే యజమాని మాట నిలుపుకున్నట్లే. 'గదిలో గీజరు' అని రాసి బకెట్ ఇస్తే మాట తప్పినట్లు. 'పవర్ బ్యాకప్' అంటే రెండు బల్బులు వెలిగించే ఇన్వర్టరా, గీజరును సైతం నడిపే జనరేటరా అన్నది తేల్చుకోవాలి. 'వంటగది' అన్నప్పుడు గ్యాస్ బండ, పాత్రలు ఉంటాయా, ఖాళీ గట్టు మాత్రమేనా అన్నదీ అంతే. 'ప్రకృతి ఒడిలో', 'స్వర్గధామం' వంటి వర్ణనలపై కేసు నిలవదు. లెక్కకు, చూపుకు అందే సౌకర్యాలపైనే నిలుస్తుంది.

బుక్ చేసే ముందే యజమానిని సూటిగా అడిగి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఫోన్‌లో మాట్లాడినా, ఆ తరువాత 'మీరు చెప్పినట్లు గదిలో గీజరు, కింది అంతస్తులో ఒక గది ఉంటాయి కదా' అని వాట్సాప్ సందేశం పంపాలి. 'అవును' అన్న ఒక్క మాట తరువాత పెద్ద ఆధారమవుతుంది.

తలుపు తీయగానే..

సామాన్లు సర్దకముందే ప్రకటనను ఎదురుగా పెట్టుకుని ఇల్లంతా ఒకసారి చూసుకోవాలి. కుళాయి తిప్పాలి, స్విచ్ వేయాలి, పొయ్యి వెలిగించి చూడాలి. లోపం కనబడితే వెంటనే ఈ పనులు చేయాలి.

* ప్రకటన పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచాలి. ఫిర్యాదు వెళ్లాక ప్రకటనను మార్చే అవకాశం ఉంది.
* లోపాన్ని ఫొటో, వీడియో తీయాలి. గీజరు లేని గోడను తీస్తే చాలదు. తలుపు నుంచి మొదలుపెట్టి స్నానాలగది మొత్తం ఒకే వీడియోలో రావాలి.
* బుకింగ్ రసీదు, యూపీఐ చెల్లింపు వివరం, యజమానితో సందేశాలు ఒకచోట చేర్చుకోవాలి. నగదు ఇచ్చి ఉంటే రసీదు అడిగి తీసుకోవాలి.
* యజమానికి, బుకింగ్ సంస్థకు ఒకేసారి రాతపూర్వకంగా తెలపాలి. కాపలాదారుకు నోటితో చెప్పి ఊరుకుంటే చెప్పినట్లు లెక్కకు రాదు.

కొన్ని బుకింగ్ సంస్థలు ఫిర్యాదుకు గడువు విధిస్తాయి. ఎయిర్‌బీఎన్‌బీ నిబంధనల ప్రకారం లోపం గుర్తించిన 72 గంటల్లోగా తెలపాలి. గడువు దాటితే సంస్థ నుంచి వాపసు రావడం కష్టమవుతుంది.

అరకులోయలో సెల్‌ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు. అలాంటప్పుడు సందేశం రాసి ఉంచి, సిగ్నల్ దొరికిన చోటుకు వెళ్లి ఆ రోజే పంపాలి.

సందేశం ఇలా..

ఆవేశం, తిట్లు లేకుండా నాలుగు ముక్కల్లో రాస్తే సరిపోతుంది. నమూనా: 'అయ్యా, ఈ రోజు మధ్యాహ్నం 2 గంటలకు మీ కాటేజీకి చేరుకున్నాము. ప్రకటనలో పేర్కొన్న గీజరు గదిలో లేదు. వంటగదికి తాళం ఉంది. ఫొటోలు జతచేస్తున్నాము. సాయంత్రం 5 గంటల్లోగా వీటిని ఏర్పాటు చేయగలరు, లేదా ఇవి ఉన్న మరో గది ఇవ్వగలరు. వీలుకాని పక్షంలో అద్దెలో తగిన మొత్తం తగ్గించవలసిందిగా కోరుతున్నాము.' లోపం, గడువు, కోరిక మూడూ ఇందులో ఉన్నాయి.

చెడు రివ్యూ రాస్తామని బెదిరించి సొమ్ము అడగరాదు. దానివల్ల న్యాయమైన ఫిర్యాదు సైతం బేరంలా కనబడుతుంది. రివ్యూ రాసినా జరిగిన విషయం మాత్రమే రాయాలి.

ఉండాలా? వెళ్లిపోవాలా?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లిపోతే 'వారే రద్దు చేసుకున్నారు' అని యజమాని వాదిస్తారు. ఏమీ అనకుండా మూడు రోజులూ ఉంటే 'నచ్చింది కనుకే ఉన్నారు' అంటారు. ముందుగా తెలిపి, సరిదిద్దుకునే అవకాశం ఇచ్చినట్లయితే రెండు వాదనలూ బలహీనపడతాయి.

లోపం చిన్నదైతే అభ్యంతరం తెలిపి ఉండిపోవచ్చు, తగ్గింపు కోరవచ్చు. మంచినీరు లేకపోవడం, తలుపునకు గడియ లేకపోవడం, మెట్లెక్కలేని వృద్ధులకు పై గది ఇవ్వడం వంటివి ఉండటానికే వీలుకాని లోపాలు. అప్పుడు వెళ్లిపోతున్న కారణాన్ని, సమయాన్ని రాతపూర్వకంగా తెలిపి, తాళంచెవి అప్పగించి, వేరేచోట గది తీసుకోవచ్చు. అదే స్థాయి గది తీసుకుని బిల్లు ఉంచుకోవాలి. కోపంతో ఖరీదైన రిసార్టులో దిగి ఆ బిల్లంతా రాబట్టుకోవాలనుకుంటే నిలవదు.

ఎంత అడగవచ్చు?

గీజరు లేదన్న కారణంతో మొత్తం అద్దె వాపసు అడగడం చాలామంది చేసే పొరపాటు. మూడు రాత్రులు ఇంటిని వాడుకున్నప్పుడు, వాడుకున్నదానికి విలువ ఉంటుంది. పోయిన సౌకర్యానికి విలువ కట్టి అడిగితే యజమాని ఒప్పుకునే అవకాశం, కమిషన్ మన్నించే అవకాశం రెండూ ఎక్కువ.

ఉదాహరణకు రాత్రికి 4,000 రూపాయల చొప్పున మూడు రాత్రులకు 12,000 చెల్లించారనుకుందాం. గీజరు, వంటగది లేని అలాంటి కాటేజీ అదే ప్రాంతంలో 2,500 రూపాయలకు దొరుకుతుంటే రాత్రికి 1,500 చొప్పున తేడా 4,500 అవుతుంది. వంటగది లేక బయట భోజనం చేసినందుకు అదనంగా అయిన 1,800 రూపాయలకు బిల్లులుంటే మొత్తం 6,300. ఈ లెక్క కాగితంపై పెట్టి అడగాలి. మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కమిషన్‌లో వేరుగా కోరవచ్చు. ఎంత ఇవ్వాలన్నది కమిషన్ విచక్షణపై ఆధారపడి ఉంటుంది.

ఫిర్యాదు మెట్లు

మొదటి మెట్టు యజమాని, బుకింగ్ సంస్థ ఫిర్యాదుల విభాగం. అక్కడ పరిష్కారం కాకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు. ఫిర్యాదును సంస్థకు పంపి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. కేసు దాకా వెళ్లకుండానే సమస్య తీరే వీలుంది.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించాలి. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. విడిది ఎక్కడ ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే ప్రాంతంలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అరకులోయలో ఇబ్బందిపడిన కరీంనగర్ వాసి కేసు కోసం మళ్లీ ఘాట్ రోడ్డు ఎక్కనవసరం లేదు. 2019 చట్టం తెచ్చిన ముఖ్యమైన వెసులుబాటు ఇది.

* చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే కమిషన్‌కు రుసుము లేదు.
* న్యాయవాది తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు.
* సంఘటన జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి.
* ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణ కోరవచ్చు.
* జవాబు ఇచ్చేందుకు ఎదుటి పక్షానికి 30 రోజులు గడువు. మరో 15 రోజులు పొడిగించవచ్చు.
* తీర్పు నచ్చని పక్షం 45 రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ముందుగా నోటీసు పంపడం చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులోనో, ఈ-మెయిల్‌లోనో పంపడం మేలు. ఫొటోలు, వాట్సాప్ సందేశాలు సమర్పించేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం-2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరాలకు తావు తగ్గుతుంది. తీర్పు వచ్చేవరకు అసలు ఫోన్‌లోని ఫైళ్లను చెరిపివేయరాదు.

కేసును మూడు నెలల్లో ముగించాలని చట్టం నిర్దేశిస్తున్నా, వాయిదాలకు సిద్ధపడే వెళ్లాలి. రాజీకి అవకాశం ఉంటే ఇరుపక్షాల అంగీకారంతో కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతుంది. ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

అసలు ఇల్లే లేకుంటే..

సౌకర్యం లేకపోవడం వేరు, ఇల్లే లేకపోవడం వేరు. ఎవరిదో కాటేజీ ఫొటోలు పెట్టి అడ్వాన్సు వసూలు చేసి ఫోన్ ఆపేస్తే అది మోసం. అప్పుడు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును నిలుపుదల చేయించే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు, పోలీసులకు కూడా ఫిర్యాదు చేయాలి.

యజమానులకూ మేలే

ప్రతి లోపం వెనుక మోసం ఉంటుందనుకోవడం సరికాదు. గాలివానకు కరెంటు తీగలు తెగవచ్చు, ముందురోజు రాత్రే గీజరు కాలిపోవచ్చు. అలాంటప్పుడు పర్యాటకులు బయల్దేరకముందే తెలిపి, 'ఈ అద్దెకు సమ్మతమా, లేక సొమ్ము వాపసు తీసుకుంటారా' అని రాతపూర్వకంగా అడిగిన యజమాని నిశ్చింతగా ఉండవచ్చు. ప్రకటనలో పాత ఫొటోలు తొలగించి, ఉన్నది ఉన్నట్లు రాయాలి. బకెట్‌తో వేడినీళ్లు ఇచ్చేచోట అదే మాట రాస్తే వచ్చేవారు తెలిసే వస్తారు. పర్యాటకంపైనే ఆధారపడిన లోయలో ఒక్క తప్పుడు ప్రకటన పక్క ఇళ్ల బేరాన్ని కూడా దెబ్బతీస్తుంది.

ప్రయాణానికి ముందురోజు యజమానికి మరోసారి సందేశం పంపి, ముఖ్యమైన సౌకర్యాలు పనిచేస్తున్నాయో లేదో నిర్ధారించుకోవడం అన్నివిధాలా శ్రేయస్కరం. వృద్ధులు, పసిపిల్లలు వెంట ఉన్నవారు జవాబు అందాకే బయల్దేరాలి.