గొర్రెల ఆరోగ్యానికి సర్కారు సాయం
టీకా ఉచితం, బీమాకు రాయితీ. చెవిపోగు లేకుంటే పరిహారం దక్కదు

తొలకరి పడి పచ్చిక మొలిచిందంటే గొర్రెల కాపరికి సంతోషం సగం, భయం సగం. సాయంత్రం దొడ్డికి చేరిన జీవం తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. చిటుక రోగం, నీలి నాలుక, పారుడు రోగం వంటివి సోకితే ఏళ్ల కష్టం రోజుల వ్యవధిలో తుడిచిపెట్టుకుపోతుంది. 2019 పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలోను, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానంలోను నిలిచాయి. ఈ సంపదను కాపాడుకొనేందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పలు పథకాలు అమలు చేస్తున్నా, వాటి నిబంధనలు తెలియక నష్టపోతున్న పెంపకందారులు ఎందరో ఉన్నారు.

ఉచితంగా టీకాలు

జీవాలను కుదిపేసే రోగాల్లో పారుడు రోగం (పీపీఆర్) ప్రధానమైనది. తీవ్ర జ్వరం, ముక్కు కారడం, నోటిలో పుండ్లు, విరేచనాలు దీని లక్షణాలు. మన దేశంలో దీనిని తొలిసారి 1987లో తమిళనాడులో గుర్తించారు. 2030 నాటికి దీనిని నిర్మూలించాలన్నది అంతర్జాతీయంగా నిర్ణయించుకొన్న లక్ష్యం. ఇదే కోవకు చెందిన పశువుల ముసర వ్యాధిని 2011లో ప్రపంచం నుంచి పారదోలిన అనుభవం ఇందుకు స్ఫూర్తి.

కేంద్ర పశు ఆరోగ్య, వ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకాకు అయ్యే వ్యయాన్ని కేంద్రమే పూర్తిగా భరిస్తోంది. నాలుగు నెలలు దాటిన పిల్లలకు దీనిని వేస్తారు. ఒకసారి వేసిన టీకా సుమారు మూడేళ్లు రక్షణ ఇస్తుంది. చిటుక రోగం టీకాను మాత్రం ఏటా వర్షాలకు ముందే వేయించాలి. రోగం ప్రబలిన తరువాత పరుగులు తీయడం వల్ల ప్రయోజనం స్వల్పం. పశుసంవర్ధక శాఖ విడతల వారీగా చేపట్టే నట్టల నివారణ మందు పంపిణీని కూడా పెంపకందారులు వినియోగించుకోవాలి. కడుపులో నట్టలున్న జీవం బలహీనపడి ఇతర రోగాలకు సులువుగా లోనవుతుంది.

ఆసుపత్రి దూరమైన గ్రామాల వారు 1962 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈ సేవలు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ప్రారంభమయ్యాయి.

బీమా: రైతు వాటా 15 శాతమే

పశు బీమాలో లబ్ధిదారుని ప్రీమియం వాటాను కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరిలో 15 శాతానికి తగ్గించింది. మిగిలిన మొత్తాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. గొర్రెలు, మేకల విషయంలో పరిమితిని ఐదు పశు యూనిట్ల నుంచి పదికి పెంచారు. యూనిట్‌కు పది జీవాల లెక్కన ఒక కుటుంబం వంద జీవాల వరకు బీమా చేయించవచ్చు.

అయితే పరిహారానికి చెవిపోగే ఆధారం. పోగు ఊడిపోతే వెంటనే పశువైద్యునికి తెలిపి కొత్తది వేయించాలి. జీవం మరణిస్తే బీమా సంస్థకు, పశువైద్యునికి తక్షణం సమాచారం ఇవ్వాలి. శవపరీక్ష పూర్తయ్యేవరకు కళేబరాన్ని పూడ్చరాదు, చెవిపోగును పారవేయరాదు. ముక్కు, నోరు వంటి రంధ్రాల నుంచి రక్తం కారుతూ మరణించిన జీవాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోను కోయకూడదు. అది మనుషులకు సైతం సోకే దొమ్మ రోగం కావచ్చు.

ఫారాలకు పెట్టుబడి రాయితీ

జాతీయ పశుధన మిషన్ కింద గొర్రెల సంతానోత్పత్తి ఫారాలకు 50 శాతం మూలధన రాయితీ లభిస్తుంది. వంద గొర్రెలు, అయిదు పొట్టేళ్లున్న యూనిట్‌కు గరిష్ఠంగా రూ.10 లక్షలు, 500 గొర్రెలు, 25 పొట్టేళ్లున్న యూనిట్‌కు రూ.50 లక్షల వరకు రెండు వాయిదాల్లో విడుదల చేస్తారు. భూమి కొనుగోలుకు, కౌలుకు, నిర్వహణ ఖర్చులకు ఈ రాయితీ వర్తించదు. మిగిలిన పెట్టుబడిని బ్యాంకు రుణంగా గాని, సొంతంగా గాని సమకూర్చుకోవాలి. దరఖాస్తులను ఆన్‌లైన్‌లోనే స్వీకరిస్తారు.

మేత, మందుల ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉపకరిస్తుంది. పశుపోషకులకు రూ.2 లక్షల వరకు వడ్డీ రాయితీ ఉంది. గడువులోగా చెల్లించిన వారికి వడ్డీ 4 శాతమే పడుతుంది.

వలస మందల మాటేమిటి?

తెలంగాణలో 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకం కింద 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున అందజేశారు. తొలుత రూ.1.25 లక్షలున్న యూనిట్ ధరను తరువాత రూ.1.75 లక్షలకు పెంచారు. జీవాలను ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చారు. ఎక్కడి నుంచి తెచ్చినా కొత్త జీవాలను కనీసం మూడు వారాలు వేరుగా ఉంచి, టీకాలు వేయించిన తరువాతే మందలో కలపాలి. లేకుంటే వాటితో పాటు రోగమూ దొడ్డిలో ప్రవేశించే ప్రమాదం ఉంది.

పథకాల ఫలం ఎక్కువగా స్థిర నివాసం, భూమి, బ్యాంకు ఖాతా ఉన్నవారికే చేరుతోంది. వేసవిలో మేత, నీటి కోసం మందలతో ఊరు విడిచే కాపరులు టీకాల విడతకు గాని, చెవిపోగుల నమోదుకు గాని గ్రామంలో ఉండరు. రోగభయం అధికంగా ఉన్నదీ వారి మందలకే. వలస బయలుదేరే ముందే టీకాలు, చెవిపోగులు పూర్తి చేయించుకోవడం, టీకా వివరాల పత్రాన్ని వెంట ఉంచుకోవడం ఇందుకు కొంత పరిష్కారం. వలస మార్గాల్లోనే టీకా శిబిరాలు నిర్వహిస్తే మందలతో పాటు రోగం ఊరూరా వ్యాపించకుండా అడ్డుకోవచ్చు. మందలో ఏ ఒక్క జీవానికి టీకా అందకపోయినా మిగిలిన వాటికి ముప్పు పొంచి ఉన్నట్లే.