చిక్కపేట గద్దె

మా తాత చిక్కపేటలో ఒక పట్టుచీరల అంగట్లో ముప్పై ఏళ్ళు పని చేశాడు. అన్నేళ్ళూ నేల మీదే కూర్చున్నాడు, ఎందుకంటే ఆ అంగట్లో కుర్చీయే లేదు. పోయిన నెల చెల్లెలి పెండ్లి చీరకని పోతే అది అద్దాల బొటీక్ అయిపోయింది. పాత అంగడి ఎట్లా ఉండేదో మన పిల్లల కోసం రాసి పెడుతున్నాను. నాది కన్నడ మీడియం చదువు, తప్పులుంటే సర్దుకోండి.

1537లో కెంపేగౌడ కట్టించిన పేటకి దొడ్డపేట, చిక్కపేట పెద్ద వీధులు. దొడ్డపేటనే ఇప్పుడు అవెన్యూ రోడ్ అంటాం. పక్కనే అక్కిపేట, బళేపేట, అరళేపేట: బియ్యానికి ఒకటి, గాజులకి ఒకటి, దూదికి ఒకటి. వీధి వైపు జాగా కోసం అందరికీ పోటీ. అందుకే అంగళ్ళు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ.

ముందర జగలి, అంటే మన అరుగు. చెప్పులు అక్కడ విడిచి లోపలికి పోతే గద్దె. పరుపు పరిచి, పైన తెల్లగుడ్డ, ఆనుకోను లోడు దిండ్లు, మూలలో గల్లాపెట్టె. గోడలనిండా మడత చీరల అరలు. పైన అట్టం.

ఇందులో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. చీర అయిదున్నర మీటర్లు. కౌంటర్ మీద కొంగు మాత్రమే పరచగలం, గద్దె మీద చీరంతా పరచవచ్చు. కింద తెలుపు ఉంటే పట్టు రంగు మారదు, వెలుతురు కూడా పైకి కొడుతుంది. లోతైన అంగడికి కప్పులో బెళకిండి, అంటే వెలుతురు కంత. 1905లో బెంగళూరుకి కరెంటు వచ్చింది. తర్వాత అంగట్లో ట్యూబ్‌లైట్లు వచ్చినా మా అవ్వ మాత్రం చీరని వాకిట్లోకి తెచ్చి ఎండలో చూసేది. ఆఫీసులో నాది టెస్టింగ్ పని. అవ్వ చేసిందీ అదే.

ఇప్పుడు హ్యాంగర్లు, పసుపు లైట్లు, నిలువుటద్దం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీ మేలే. చీరని మనమే తాకి తీసుకోవచ్చు, అదీ మేలే. అయితే జరీ చీర ఎక్కువ రోజులు వేలాడితే బరువుకి సాగుతుంది. పసుపు లైటు కింద కుంకుమ రంగేదో ఇటుక రంగేదో తెలీదు.

ఇంకొకటి పోయింది. గద్దె మీద కూర్చుంటే మాట కలిసేది. మాట వినే తాత చెప్పేసేవాడు, వీళ్ళు కోలారోళ్ళు, వీళ్ళు హొసూరోళ్ళు అని. బొటీక్‌లో నేను ఇంగ్లీషులో అడిగాను, ఆ అమ్మాయి ఇంగ్లీషులోనే చెప్పింది. పది నిమిషాలకి ఆమెకి ఫోన్ వచ్చింది. "అమ్మా, బస్సుకి వస్తా ఉండా" అనింది.

"మీది ఏ ఊరమ్మా?" అన్నాను. నవ్వింది. తానే చీర తీసుకొని వాకిట్లోకి నడిచింది. "ఎండలో చూడండి అక్కా, లోపల రంగు తెలీదు."

ఎండలో చూస్తే అది కుంకుమ రంగు కాదు. ఇంకొకటి తీసుకున్నాం.

మీ ఊర్లో గద్దె ఉన్న అంగడి ఇంకా మిగిలుంటే ఒక ఫోటో తీసి పెట్టండి. చీర తీసుకోకపోయినా పర్లేదు, కాసేపు కూర్చోండి. తెలుగులోనే అడగండి.