గోడకాగితముపై హిందూస్థానము

గోడలకు అద్దకపు కాగితము నంటించి యలంకరించు ఆచారము మన దేశమున అంతగా వ్యాపింపలేదు. అయినను ఫ్రాన్సుదేశమున ఆల్సేసు సీమలోని రిక్సైమ్ అను చిన్న యూర వెలసిన గోడకాగితపు కర్మాగారమునకును, మన తూర్పుతీరపు అద్దకమునకును గల సంబంధము విచారింపదగినది.

రిక్సైమునకు చేరువనున్న ములూజ్ నగరమున 1746లో కెష్లాన్, ష్మాల్ట్సర్, డోల్ఫుస్ అను మువ్వురు వస్త్రముల అద్దకశాలను నెలకొల్పిరి. మచిలీపట్టణము మొదలుగాగల రేవులనుండి యెగుమతియైన చీటిగుడ్డలకు ఐరోపాలో కలిగిన గిరాకియే దీనికి మూలము. ఫ్రెంచివారు వీనిని ‘ఆందియెన్’, అనగా ఇండియా గుడ్డలు, అనిరి. ఫ్రాన్సులో 1686 మొదలు 1759 వఱకు వీనిపై నిషేధ ముండెను. ములూజ్ 1798 వఱకు ఫ్రాన్సులో చేరని స్వతంత్రనగరము గావున ఆ నిషేధ మచట చెల్లలేదు. మన అద్దకపు పద్ధతులను 1742లో లేఖారూపమున ఫ్రాన్సునకు తెలిపిన జెసూటు గురువు కేర్దూయే తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువును కూర్చిన పండితుడు.

ములూజ్‌లో నికొలా డోల్ఫుస్ 1790లో స్థాపించిన గోడకాగితపు కర్మాగారము 1797లో రిక్సైమునకు మారెను. 1802లో జాన్ జూబేర్ దానికి యజమాని యయ్యెను.

మన వస్త్రమునందు పటిక, చిరివేరు కలిసి రంగు నూలుపోగులలో నింకును. కాగితముపై నట్లు గాదు. సుద్దయు జిగురును కలిపిన రంగు పైపైననే నిలుచును. మొదట కుంచెతో నేలరంగు పూయుదురు. అది యారిన పిదప రంగున కొక చెక్క అచ్చు చొప్పున అద్దుదురు. ఒక రంగు ఆరిన గాని మఱియొకటి అద్దరాదు. అచ్చు మూలలందలి సూదిమొనలు మునుపటి గుర్తులపై పడనిచో బొమ్మ చెదరును.

ఈ పద్ధతినే 1807లో ‘హిందూస్థానము’ అను దృశ్యమాల వెలువడెను. దానికి 20 పట్టెలు, 1,265 అచ్చులు, 85 రంగులు వలసివచ్చెను. చిత్రకారుడు పియేర్ ఆంత్వాన్ మోంజాన్ ఇందలి కట్టడములను, ఏనుగులను ఆంగ్ల చిత్రకారులగు థామస్, విలియం డానియెలుల ముద్రితచిత్రములనుండి గ్రహించెను. ఆ యిరువురు మాత్రము 1786 నుండి కొన్నియేండ్లు మన దేశమున సంచరించినవారు.

చెక్క అచ్చుతో బొమ్మలు ముద్రించుట ఐరోపాకు పూర్వమే తెలియును. కావున సర్వమును మనయొద్దనుండియే పోయినదనుట సత్యము కాదు. కాని రంగుల పువ్వులపై మక్కువయు, దానిని తీర్చిన పరిశ్రమయు, పెట్టుబడియు మన చీటిగుడ్డల వెంటనే నడచినవి.

యజమాని పేరును, చిత్రకారుని పేరును చరిత్ర కెక్కినవి. రిక్సైమ్ అచ్చులు రక్షితములై యున్నవి. కర్మాగారపు భవనముననే 1983లో గోడకాగితపు ప్రదర్శనశాలయు నేర్పడెను. మన తీరమున అద్దినవారి పేళ్లు ఎక్కలేదు. వారి యిండ్లలో మిగిలిన పాత అచ్చులనైనను చెదలపాలు గాకమునుపే సేకరించి, వానిని వాడినవారి పేళ్లను వ్రాసియుంచుట మన పని.