ధైర్యం చెప్పిన గొంతులెవరివి?

నారాయణపేట అనగానే చేనేత చీరలు గుర్తొస్తయి. ఈ ప్రాంతపు దళితవాడల్లో క్రైస్తవం ఎట్లా నిలబడిందో ఎవరికీ గుర్తుకు రాదు. రాసిపెట్టిన కొద్దిపాటి చరిత్ర కూడా దొరల చరిత్రే. అమెరికన్ బాప్టిస్టులు 1885లో పాలమూరులో మిషన్ పెట్టారు, 1937లో దాన్ని మెన్నొనైట్ బ్రదరెన్‌కు అప్పగించారు. ఇంతే. కష్టకాలంలో వాడలో ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నదెవరు? దీనికి జవాబు వెతుకుతూ ఇదే బాప్టిస్టు మిషన్ పెరిగిన ఒంగోలు దాకా పోయాం.

యెర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ బేరానికి ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి తనవాళ్ళకు చెప్పాడు. క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది ఆ ఏడే. 1867 జనవరిలో దొర పేరయ్య ఊరి వైపు పోయేసరికి అక్కడ జనం సిద్ధంగా ఉన్నారు. 28 మందికి బాప్తిస్మమైంది. అంటే ముందు మాదిగ మాట నడిచింది, దొర బోధ వెనక వచ్చింది.

ఆ మాట ఉత్త ఓదార్పు కాదు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చెయ్యొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అన్నవి నియమాలు. ఇక జాతరలో డప్పు కొట్టేదెవరు? ఊరి పెద్దలు ఊరుకుంటారా? అట్లాంటప్పుడు బైబిలు చెప్పే 'ఆదరణ'కు అర్థం, జంకొద్దని పక్కనోడి భుజం తట్టడమే.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో గంజి కోసం మతం మారారని నేటికీ ఎత్తిపొడుస్తున్నారు. నిజానికి కరువు పనులు నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సంఖ్య వెనక పన్నెండేళ్ళ దళిత బోధకుల నడక ఉంది. గంజి మాట ఆ నడకను తుడిచేస్తుంది.

వాళ్ళు చెప్పుకున్న బతుకులను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'చెప్పులు కుడుతూ' అనే అర్థమొచ్చే పేరుతో ఇంగ్లీషులో అచ్చువేసింది. మాట మాదిగలది, సంతకం దొరసానిది. ఆ పుస్తకమే లేకుంటే ఆ మాటా మిగిలేది కాదు, నిజమే. కాని ఇంకెన్నాళ్ళు వేరేవాళ్ళ కలం మీద ఆధారపడదాం?

నారాయణపేటలో, మక్తల్‌లో ముసలోళ్ళు చెప్పే సాక్ష్యాలను, ట్రంకుపెట్టెల్లో దాచుకున్న ఉత్తరాలను, పాటల నోటుపుస్తకాలను విద్యార్థులు, టీచర్లు ఇప్పుడే సేకరించాలి. అవి భక్తి కాగితాలు మాత్రమే కావు. మన చరిత్రకు దస్తావేజులు.