తొలి చూపు - తల్లి రూపు

కోడి పొదిగిన గ్రుడ్లనుండి వెలువడిన బాతుపిల్లలు చెరువు కనబడగనే నీట దిగును. తల్లికోడి గట్టుమీద అరచుచు అటునిటు పరుగిడును. పల్లెలలో పెరిగిన మనమందరము ఈ వేడుక చూచి నవ్వుకొన్నవారమే. ఆ పిల్లలకు ఈత నేర్పినవారు లేరు. అయినను ఒడ్డుకు వచ్చి అవి దూరునది కోడి రెక్కల క్రిందనే. ఈత పుట్టుకతో వచ్చినది. మరి తల్లి ఎవరన్న ఎరుక ఎక్కడిది?

బ్రిటనులో ఇండ్లకు రాతిపలకల కప్పులు వేయు పనివాడై, పిదప పండితుడైన డగ్లస్ స్పాల్డింగు 1873లో దీనిని గూర్చి వ్రాసెను. అప్పుడే పుట్టిన కోడిపిల్లలు కదలు ప్రాణి ఏదైనను దాని వెంట నడచును. కాని కన్నులకు ముసుగు వేసి, దాదాపు నాలుగు దినములకు తీయగా, అవి మనిషిని చూచి బెదరి పారిపోయినవి.

1911లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హైన్‌రాత్, యంత్రముతో పొదిగించిన పెద్దబాతు పిల్లలు మనిషినే తల్లిగా ఎంచి, స్వజాతిని కాదనుట వర్ణించెను. ఆస్ట్రియా దేశీయుడు కొన్‌రాడ్ లోరెంజ్ 1935లో దీనిని విపులముగా వివరించెను. నాణెముపై అచ్చు పడినట్లు పసి మనస్సుపై పడు ముద్ర ఇది. 1973లో ఆయన నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకడు.

ఈ చరిత్రలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమొకటి కలదు. అడవిబాతు పిల్లలకు రూపము చాలదు, తల్లి పిలుపు కావలెను. అందుచే లోరెంజ్ గడ్డిలో గొంతుకూర్చుండి, బాతువలె అరచుచు ప్రాకెను. లేచి నిలిచినా, అరపు మానినా పిల్లలు ఏడ్చెడివి. దారిన పోవువారికి పిల్లలు గడ్డిలో కానరాలేదు. గడ్డపు పెద్దమనిషి మాత్రమే కనబడినాడు!

నవ్వు అటుండగా, ఇందు ఒక బరువైన బాధ్యత కలదు. మనిషి ముద్ర గాఢముగా పడిన పక్షి, పెరిగి జత కోరు వేళ మనిషినే కోరవచ్చును. తనవారి నడుమ పరాయిది కావచ్చును. తల్లి లేని బాతుపిల్లకు వెచ్చదనము, మేత, నీరు ఇచ్చిన చాలదు. తోడి బాతుపిల్లల సహవాసమును కల్పింపవలెను. హైన్‌రాత్ ఈ సంగతి ఆనాడే ఎరిగెను. యంత్రమునుండి తీసిన పిల్లను పెద్దబాతుల జంటకు అప్పగింపదలచినచో, తన ముఖము దాని కంటబడకముందే సంచిలో పెట్టవలెనని ఆయన చెప్పెను.

పసిప్రాణిని చేరదీయుట దయ. అది తనవారిని చేరుకొనునట్లు మనము ప్రక్కకు తొలగుట అంతకు మించిన దయ.